పైథాన్ "హిందూపూర్ డిఫైన్ కాలేదు" అంటోంది, మూడుసార్లు ఇన్‌స్టాల్ చేశాను

హిందూపురం_పిల్ల
2024 నవంబర్ 16, శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను బీకామ్ చదివాను. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ డేటా అనలిటిక్స్ కోర్సులో చేరి రెండు వారాలైంది. సోమవారం ఉదయం 10కి మొదటి టెస్ట్. ల్యాప్‌టాప్ మా అన్న ఇక్కడి ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో సెకండ్ హ్యాండ్‌ది కొనిచ్చాడు, విండోస్ 10.

పైథాన్ (ప్రోగ్రాంలు రాసే భాష) సైటులోంచి 3.13 వెర్షన్ దించుకుని వేశాను. "పాత్‌కి చేర్చు" అనే టిక్కు కూడా పెట్టాను, పాత్ అంటే విండోస్ ప్రోగ్రాంలని వెతికే చోట్ల జాబితా అట. సెటప్ విజయవంతం అని వచ్చింది. సార్ ఇచ్చిన చిన్న ప్రోగ్రాం మీ ఊరేది అని అడుగుతుంది, మనం కొట్టింది తిరిగి చూపిస్తుంది, అంతే. నేను ఇంగ్లీషులో హిందూపూర్ అని కొట్టగానే "నేమ్ ఎర్రర్: నేమ్ హిందూపూర్ ఈజ్ నాట్ డిఫైన్డ్" అంటోంది. వయసు అడిగే ప్రోగ్రాం మాత్రం నడుస్తోంది. అదే ఊరి ప్రోగ్రాం ఐడిల్‌లో (పైథాన్‌తోపాటు వచ్చే ఎడిటర్) పెడితే నడుస్తోంది, సార్ చెప్పినట్టు కమాండ్ కిటికీలో నడిపితేనే ఈ గొడవ. టెస్ట్ కమాండ్ కిటికీలోనే అట.

మూడుసార్లు తీసేసి మళ్ళీ వేశాను. ఈ వేదికలో అంతా తెలుగు లిపే అన్నారు కాబట్టి కమాండ్లు కూడా విన్నట్టే రాస్తున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.

మెస్సు_భోజనం
రాత్రి 9:20

తీసేసి మళ్ళీ వేయండి. పాత్ టిక్కు మర్చిపోయుంటారు. నూటికి తొంభై మందికి అదే.

హిందూపురం_పిల్ల
రాత్రి 9:22

టిక్కు పెట్టాను అని రాశాను కదండీ. మూడుసార్లూ పెట్టాను.

ఉబుంటు_వీరాభిమాని
రాత్రి 9:25

విండోస్ తీసిపారేసి ఉబుంటు వేసుకోండి. అందులో పైథాన్ ముందే ఉంటుంది. ఈ పాత్‌లూ పీకులాటలూ ఉండవు.

టెస్టర్_అక్క
రాత్రి 9:31

వీరాభిమానిగారూ, ఎల్లుండి టెస్ట్ ఉన్న పిల్లకి ఈ రాత్రి ఆపరేటింగ్ సిస్టం మార్చమని చెప్పకండి. అయినా మీ ఉబుంటు 24.04లో నేరుగా పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు దించి వేసే పనిముట్టు) ఏదైనా వేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని తలుపేస్తుంది. అక్కడికెళ్ళి ఆ ఏడుపు ఏడవాలి.

చెల్లీ, వయసు ప్రోగ్రాం "నడుస్తోంది" అన్నావు. తెరమీద సరిగ్గా ఏం పడుతోంది? ఒక్క చుక్క, ఒక్క బ్రాకెట్ వదలకుండా రాయి.

హిందూపురం_పిల్ల
రాత్రి 9:36

ఇలా పడుతోంది అక్కా:
('మీ వయసు', 23)
నేను తెలుగులో రాశాను కానీ అక్కడ ఇంగ్లీషులో ఉంది. బ్రాకెట్లు, కామా, ఆ కొటేషన్ గుర్తులు అన్నీ ఉన్నాయి. సార్ క్లాసులో బ్రాకెట్లు లేకుండా వచ్చినట్టు గుర్తు. పెద్దగా పట్టించుకోలేదు.

టెస్టర్_అక్క
రాత్రి 9:38

దొరికింది అనుకుంటున్నాను. పాతకాపుగారు వస్తే ఖాయం చేస్తారు. ఇంకేం తీసేయకు, ఇంకేం వేయకు.

పాతకాపు
రాత్రి 10:04

ఇప్పుడే అన్నం తిని వచ్చాను. అక్కగారి అనుమానమే నాదీ.

అమ్మా, కమాండ్ కిటికీ తెరిచి ఉత్త పైథాన్ అని కొట్టి ఎంటర్ నొక్కు. మూడు బాణపు గుర్తులు వస్తాయి. అక్కడ 7/2 అని కొట్టు. తర్వాత ఐడిల్ తెరిచి అక్కడా 7/2 కొట్టు. రెండు జవాబులూ ఇక్కడ రాయి.

హిందూపురం_పిల్ల
రాత్రి 10:09

కమాండ్ కిటికీలో 3.
ఐడిల్‌లో 3.5.
ఇదేంటి సార్, కంప్యూటర్‌కి భాగహారం రాదా?

పాతకాపు
రాత్రి 10:21

వచ్చు. రెండు తరాల లెక్కలు. పైథాన్ 2లో రెండు పూర్ణసంఖ్యలు భాగిస్తే మిగిలిన ముక్క పారేసి పూర్ణసంఖ్యే ఇస్తుంది. పైథాన్ 3లో 3.5 వస్తుంది. అంటే నీ ల్యాప్‌టాప్‌లో ఇద్దరు పైథాన్‌లు ఉన్నారు. నువ్వు కమాండ్ కిటికీలో పిలిచినప్పుడు పలుకుతున్నది నువ్వు వేసినది కాదు, పాత ఓనరు వదిలేసి వెళ్ళినది.

నీ లక్షణాలన్నీ దీనికే సరిపోతాయి. పైథాన్ 2లో ఇన్‌పుట్ అనే ఫంక్షన్ నువ్వు కొట్టినదాన్ని మాటగా తీసుకోదు, ప్రోగ్రాంలో భాగమనుకుని లెక్కగట్టబోతుంది. 23 కొడితే అది అంకె, పేచీ లేదు. హిందూపూర్ అని కొడితే ఆ పేరుతో ఏదైనా వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) పెట్టావేమో అని వెతుకుతుంది. నువ్వు పెట్టలేదు. అందుకే మీ ఊరు డిఫైన్ కాలేదంది. కొటేషన్ గుర్తుల్లో పెట్టి కొట్టి చూడు, ఒప్పుకుంటుంది. ఇక ప్రింట్ అనేది అప్పట్లో ఫంక్షన్ కాదు. బ్రాకెట్లో రెండు వస్తువులు పెడితే బ్రాకెట్‌తో సహా అచ్చేస్తుంది. అక్కగారు పట్టింది అదే.

ఇప్పుడు "వేర్ పైథాన్" అని కొట్టి వచ్చిన వరుసలు అదే క్రమంలో రాయి. క్రమం ముఖ్యం.

హిందూపురం_పిల్ల
రాత్రి 10:26

ఏమీ రాలేదు సార్. ఖాళీగా తర్వాతి వరుసకి వెళ్ళిపోయింది. ఎర్రర్ కూడా లేదు.

మెస్సు_భోజనం
రాత్రి 10:27

చెప్పానా, పాత్‌లో లేదు. టిక్కు పెట్టుండరు.

పాతకాపు
రాత్రి 10:30

భోజనంగారూ, పాత్‌లో లేకపోతే ఇందాక 7/2కి 3 ఎవరు చెప్పారు?

అమ్మా, నీ కిటికీ నీలం రంగా, నలుపా?

హిందూపురం_పిల్ల
రాత్రి 10:31

నీలం. విండోస్ మీట, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే జాబితాలోంచి తెరిచాను.

పాతకాపు
రాత్రి 10:35

అది పవర్‌షెల్. అందులో వేర్ అంటే అర్థమే వేరు, జాబితాలు వడపోసే కమాండుకి ముద్దుపేరు. వడపోయడానికి ఏమీ ఇవ్వలేదు కాబట్టి నోరు మెదపలేదు. దీని చేతిలో నేనూ ఒకరోజు పోగొట్టుకున్నాను. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి నల్లకిటికీ తెరువు. అందులో అడుగు. ఇకమీద అన్నీ నల్లదానిలోనే.

హిందూపురం_పిల్ల
రాత్రి 10:41

వచ్చింది! మూడు వరుసలు.

సి:\పైథాన్27\పైథాన్.ఈఎక్స్ఈ
తర్వాత నా యూజర్ ఫోల్డర్, యాప్‌డేటా, లోకల్, ప్రోగ్రామ్స్, పైథాన్, పైథాన్313, చివర పైథాన్.ఈఎక్స్ఈ
మూడోది మళ్ళీ యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్‌యాప్స్ ఫోల్డర్లో.

ఆ మొదటిది నేను వేయలేదు, ఒట్టు.

పాతకాపు
రాత్రి 10:58

వేయలేదని తెలుసు.

పాత్ అనేది ఒక చిరునామాల వరుస. నువ్వు పైథాన్ అనగానే విండోస్ ఆ వరుసలో మొదటి ఇంటి నుంచి తలుపులు తడుతూ పోతుంది. ఆ పేరుగలవాడు ఎవరు ముందు దొరికితే వాడినే పట్టుకొస్తుంది, రెండో ఇంటికి వెళ్ళదు. ఈ వరుస రెండు ముక్కలు. మెషీన్ మొత్తానికి వర్తించే సిస్టం పాత్ ముందు, నీ ఒక్కదాని యూజర్ పాత్ వెనక. నీ 3.13 ఇన్‌స్టాలర్ మామూలుగా వేస్తే యూజర్ పాత్‌లోనే చేరుతుంది. పాత ఓనరు 2.7ని సిస్టం పాత్‌లో పెట్టాడు. అందుకే నువ్వు టిక్కు మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు పెట్టినా ముందు పలికేది వాడే. ఇన్‌స్టాలర్ అబద్ధమాడలేదు, నువ్వూ తప్పు చేయలేదు.

మూడో వరుస అసలు పైథాన్ కాదు, 2019 నుంచి విండోస్ 10తో వస్తున్న డమ్మీ. మరే పైథానూ లేనివాళ్ళు పైథాన్ అని కొడితే స్టోర్ తెరుచుకునేది దానివల్లే. సెటింగ్స్‌లో "యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్" అనే చోట ఆపేయొచ్చు. నీకు అది అడ్డం రావట్లేదు, వదిలేయ్.

పక్కమాట: 2.7 వచ్చింది 2010లో. 3.0 అంతకుముందే 2008లో వచ్చింది. పదేళ్ళు రెండూ ఒకే ఇంట్లో తోడికోడళ్ళలా ఉన్నాయి. 2020 జనవరి 1తో 2కి మద్దతు ఆపేశారు, ఆ ఏప్రిల్లో 2.7.18 అని ఆఖరిది వదిలారు. ఎలక్ట్రానిక్ సిటీలో నా పాత ఆఫీసులో 2 నుంచి 3కి కోడ్ మార్చడమే రెండేళ్ళు నా ఉద్యోగం. ఈ 7/2 మా బిల్లింగు లెక్కల్లో ఏం చేసిందో చెప్తే ఈ రాత్రి తెల్లారిపోతుంది.

టెస్టర్_అక్క
రాత్రి 11:02

ఆ కథ కావాలి. ఇంకోరోజు.

చెల్లీ, కంట్రోల్ ప్యానెల్లో సిస్టం, అడ్వాన్స్‌డ్ సెటింగ్స్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ తెరువు. కింది సగంలో సిస్టం వేరియబుల్స్‌లో పాత్ ఉంటుంది. అందులో పైథాన్27 అని ఉన్న రెండు వరుసలు తీసేయి, ఒకటి ఫోల్డర్, ఒకటి దాని స్క్రిప్ట్స్. తర్వాత నల్లకిటికీ మూసి కొత్తది తెరువు. ముందే తెరిచి ఉన్న కిటికీకి పాత వరుసే గుర్తుంటుంది.

హిందూపురం_పిల్ల
రాత్రి 11:10

ఆ దారిలో అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది అక్కా, స్టార్ట్‌లో వెతికి నా ఖాతా వేరియబుల్స్ తెరిచాను. కింది సగంలో ఎడిట్, డిలీట్ బటన్లు వెలిసిపోయి ఉన్నాయి, నొక్కుడు పడట్లేదు. పై సగంలోవి పనిచేస్తున్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. నాకు తెలియక, అడ్మిన్ అని ఉన్న టిక్కు తీసేసి వేశాను. అన్నకి ఫోన్ చేశాను, వాడికీ తెలియదట. షాపతనికి ఫోన్ చేస్తే ఆఫీసు లాటులో వచ్చిన మెషీన్ అమ్మా, ఆదివారం షాపు మూత, సోమవారం బన్ని (రండి) అన్నాడు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
రాత్రి 11:14

మధ్యలో దూరుతున్నాను, తిట్టకండి. నాది కొత్త ల్యాప్‌టాప్, 3.13 ఒక్కటే ఉంది. పిప్‌తో టెన్సర్‌ఫ్లో అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ వేయబోతే "నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్" అంటోంది. నాక్కూడా లోపల ఇంకోడు దాక్కున్నాడా?

పాతకాపు
రాత్రి 11:19

బాధితుడుగారూ, మీకు అది కాదు. 3.13 వచ్చింది పోయిన నెల 7న. టెన్సర్‌ఫ్లో ఇప్పటికి 3.12 దాకే ఉంది. కొత్త పైథాన్ ప్రతి అక్టోబరులో వస్తుంది, పెద్ద లైబ్రరీలు దాన్ని అందుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. 3.13ని తీయక్కర్లేదు. పక్కన 3.12 వేసుకోండి, 64 బిట్‌దే చూసుకుని. పీవై అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత 3.12 అంటే ఆ వెర్షనే వస్తుంది.

మోడరేటర్
రాత్రి 11:21

టెన్సర్‌ఫ్లో గురించి ఇంకా ఉంటే కొత్త చర్చాదారం తెరవండి. ఇక్కడ టెస్ట్ ఉన్నవాళ్ళకి దారివ్వండి.

పాతకాపు
రాత్రి 11:37

అడ్మిన్ లేకపోయినా పని జరుగుతుంది. నీ 3.13తోపాటు పీవై అనే చిన్న లాంచర్ కూడా వచ్చింది. 2.7తో ఆ పేరు రాలేదు కాబట్టి పాత్‌లో దానికి పోటీ లేదు. నల్లకిటికీలో పీవై, ఖాళీ, అడ్డగీత, సున్నా, పి (ఇంగ్లీషు పి) అని కొట్టు. మెషీన్‌లో ఉన్న పైథాన్‌లన్నీ చిరునామాలతో చూపిస్తుంది. 3.13 పక్కన నక్షత్రం ఉంటే అదే మామూలుగా పలుకుతుంది.

తర్వాత:
పీవై -ఎమ్ వెన్వ్ పని
వెన్వ్ అంటే నీ పనికి వేరుగా కట్టుకునే పైథాన్ గది. అర నిమిషం పడుతుంది, ఏమీ అనదు. "పని" అనే ఫోల్డర్ పుడుతుంది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టు.
తర్వాత:
పని\స్క్రిప్ట్స్\యాక్టివేట్

ఎడమపక్క బ్రాకెట్లో (పని) అని వస్తుంది. అంటే ఈ ఒక్క కిటికీ వరకూ ఆ ఫోల్డర్ పాత్‌లో అందరికంటే ముందు, సిస్టం పాత్ కంటే కూడా ముందు వచ్చి కూర్చుంది. ఇప్పుడు పైథాన్ అంటే 3.13 పలుకుతుంది. కిటికీ మూస్తే పోతుంది, మళ్ళీ తెరిచినప్పుడల్లా యాక్టివేట్ కొట్టాలి. నీలం కిటికీలో ఇది కొడితే స్క్రిప్టులు నడపనివ్వనని ఎర్రగా అరుస్తుంది. అందుకే నలుపు.

హిందూపురం_పిల్ల
రాత్రి 11:52

నక్షత్రం 3.13 పక్కనే ఉంది. కింద 2.7 కూడా చూపించింది.
(పని) అని వచ్చింది. 7/2 కొట్టాను. 3.5!!!
మా ఊరు ఒప్పుకుంది సార్. హిందూపూర్ డిఫైన్ అయింది.

మెస్సు_భోజనం
రాత్రి 11:54

ఇదంతా ఎందుకండీ, 2.7 ఫోల్డర్‌కి వేరే పేరు పెట్టేస్తే సరిపోయేది కదా.

టెస్టర్_అక్క
రాత్రి 11:57

సరిపోయేదేమో, అడ్మిన్ అడక్కపోతే. అయినా ఆ ఆఫీసువాళ్ళు ఇంకా ఏమేం వదిలారో మనకి తెలియదు. మా టీంలో ఒకతనికి పైథాన్‌హోమ్ అనే వేరియబుల్ పాత ఫోల్డర్ వైపు చూపిస్తూ మిగిలిపోయింది. కొత్త పైథాన్ లేవడమే మానేసింది, "ఎన్‌కోడింగ్స్ అనే మాడ్యూల్ లేదు" అని ఒకటే పాట. ఆయనా నాలుగుసార్లు తీసి వేశాడు. వేరియబుల్ మాత్రం తీయలేదు.

చెల్లీ, టెస్ట్ అయ్యాక ఆ ల్యాప్‌టాప్ మొత్తం రీసెట్ చేయించుకో. వేరేవాళ్ళ అడ్మిన్ ఖాతా ఉన్న మెషీన్‌లో నీ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకు. ఇది పైథాన్ కంటే ముఖ్యం. ఇప్పుడు పడుకో.

హిందూపురం_పిల్ల
ఆదివారం ఉదయం 8:40

పడుకోలేదక్కా, పాండాస్ అనే డేటా లైబ్రరీ కూడా కావాలన్నారని గుర్తొచ్చి వేయబోయాను. సగం దాకా దిగి "రీడ్ టైమ్‌డ్ ఔట్" అని ఆగిపోతోంది. రెండుసార్లు అయింది. పిప్ కూడా ఆ 2.7దే పలుకుతోందా?

పాతకాపు
ఉదయం 9:15

(పని) కనిపిస్తుంటే పిప్ కూడా నీదే. అనుమానం వస్తే ఉత్త పిప్ అనకుండా "పైథాన్ -ఎమ్ పిప్" అని పిలువు. అప్పుడు ఏ పైథాన్ పలికితే దాని పిప్పే వస్తుంది. ఇది అలవాటు చేసుకో.

టైమ్‌డ్ ఔట్ మాత్రం నెట్ బాధ. పీజీ వైఫైయేనా? రాత్రి పన్నెండుకి అందరూ సినిమాలు చూస్తుంటారు. పాండాస్, దానితో వచ్చే నంపై కలిపి పాతిక ఎంబీ దాకా ఉంటాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి కానివ్వు.

హిందూపురం_పిల్ల
ఉదయం 9:48

హాట్‌స్పాట్‌తో రెండు నిమిషాల్లో దిగిపోయింది. రౌటర్ వార్డెన్ ఆంటీ గదిలో ఉంది, మేడ మీద మా గదికి ఒక్క గీతే వస్తుంది.

హిందూపురం_పిల్ల
సోమవారం మధ్యాహ్నం 1:05

టెస్ట్ అయింది. 20కి 16. మా బ్యాచ్‌లో ఇంకో అబ్బాయికి ఎఫ్ అక్షరంతో మొదలయ్యే స్ట్రింగ్ రాస్తే "ఇన్‌వాలిడ్ సింటాక్స్" వస్తోంది, సార్ అతని కోడ్ తప్పేమో అని వెతుకుతున్నారు. నేను వెళ్ళి 7/2 కొట్టించాను. 3 అంది. ఎఫ్ స్ట్రింగులు 3.6 నుంచే ఉన్నాయని నిన్న చదివాను. అతనిదీ ఎస్పీ రోడ్డు ల్యాప్‌టాపే!

సాయంత్రం అన్న నా మెషీన్ రీసెట్‌కి తీసుకెళ్తున్నాడు. పాతకాపు సార్‌కీ అక్కకీ చాలా థాంక్స్.

ఒక చిన్న అనుమానం. ఐడిల్‌లో ఊరిపేరు తెలుగులో కొట్టి పొడవెంత అని లెన్‌తో అడిగాను. హిం, దూ, పు, రం. నాలుగక్షరాలు. అది 9 అంటోంది. ఇదీ పాత పైథానేనా?

పాతకాపు
మధ్యాహ్నం 1:30

కాదు, ఇది కొత్తదే, నిజమే చెప్తోంది. హ, గుడి, సున్నా, ద, కొమ్ము దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్నా. లెక్కపెట్టుకో. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు కూడా విడివిడి ముక్కలే. మనం నాలుగు అనుకునేదాన్ని నాలుగని చెప్పించడానికి వేరే పని ఉంది. దానికి కొత్త దారం తెరువు, నేను వస్తాను.

మెస్సు_భోజనం
మధ్యాహ్నం 1:42

ఇప్పుడే నా ఆఫీసు మెషీన్‌లో 7/2 కొట్టి చూశాను. ఎవరికీ చెప్పకండి.